జూమ్ చేసిన తాళంచెవి

మా బాబాయ్ తాళంచెవులు చేస్తాడు. బస్టాపు పక్కన మంచమంత కొట్టు, ఓ బెంచీ, గాట్లు కోసే మిషను, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆయనది ఒకటే పట్టుదల. కోత తప్పిన తాళంచెవిని కూడా పళ్ళన్నీ ఆకురాయితో అరగదీశాకే చెత్తబుట్టలో వేస్తాడు. ఒకరి తాళంచెవి పళ్ళు ఇంకొకరి కంట పడకూడదట.

అలాంటి మనిషి ఫోన్లో ఉచితంగా దొరికే వీడియో ఎడిటింగ్ యాప్ ఎక్కించింది నేనే. కత్తిరించడం, పాట అతికించడం, స్లో మోషన్, జూమ్... వారంలో నన్ను మించిపోయాడు! ట్యూషన్ టీచరమ్మకి రెండో తాళంచెవి చేస్తూ తీసి నెట్లో పెట్టిన క్లిప్పునైతే యాభై వేలమంది చూశారు. కింద 'మన టీచరమ్మ తాళంచెవి' అని గులాబీ రంగులో రాశాడు. ఆవిడా చూసి మురిసిపోయింది.

"చూశావా, నా చేతిలో ఎంత కళ ఉందో!" అని పిన్నికి చూపించాడు.

"ఆ కళేదో ముందు మన బాత్రూమ్ గడియ మీద చూపించండి," అంది పిన్ని.

ముప్పై క్లిప్పులయ్యాక ఓ రోజు, బాబాయ్‌కి పని నేర్పిన పెద్దాయన పక్క వీధి నుంచి వచ్చాడు. బెంచీ మీద ఓ కొత్త తాళంచెవి పెట్టాడు.

"ఇదెవరిదో చెప్పరా."

"నాకేం తెలుసు గురువుగారూ? మీరు చేసిందేగా."

"నేనే చేశా. నీ వీడియో ఆపి, పళ్ళు చూసి కోశా. మీ టీచరమ్మది."

బాబాయ్ నవ్వబోయి ఆగిపోయాడు. పళ్ళు తెరనిండా వచ్చేలా జూమ్ చేసి మూడు సెకన్లు ఆపమన్నది నేనే. టీచరమ్మ వీధి మలుపులో, మేడ మీద, ఒంటరిగా ఉంటుంది.

"చూసి కోస్తే సరిపోద్దా ఏంటి? వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరగదు," అన్నాడు బాబాయ్.

"పద, చూద్దాం."

ముగ్గురం మెట్లెక్కాం. విషయం విని టీచరమ్మ, "భలేవారే, వీడియో చూసి తాళం తీసేస్తారా!" అని నవ్వుతూ బయటికొచ్చి, తలుపు లాగి తాళం వేసింది. పెద్దాయన చేతిలోంచి తాళంచెవి బాబాయే తీసుకున్నాడు. పెట్టాడు. తిప్పాడు.

టక్.

తలుపు తెరుచుకుంది. సగం తాగిన కాఫీ కప్పు, కుర్చీ మీద ఆరేసిన బట్టలు, ఆవిడ ఇల్లంతా మా ముందుంది. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా పాలిపోయింది.

"ఎంతమంది చూశారన్నారు, అన్నయ్యగారూ?"

"యాభై వేలు," అన్నాను నేను.

బాబాయ్ కొట్టుకి పరుగెత్తి కొత్త తాళం తెచ్చి అప్పటికప్పుడు బిగించాడు. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, "అమ్మా, రెండోది కూడా నేనే..." అన్నాడు.

"వద్దులెండి. పెద్దాయన దగ్గర చేయించుకుంటాను," అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా.

నేను మెట్ల మీదే కూర్చుని బాబాయ్ ఫోన్లోంచి క్లిప్పులు తీసేయబోయాను. "ఆగు, ముందు ఎవరెవరివో రాసుకో," అన్నాడు బాబాయ్, చెమట తుడుచుకుంటూ. "ఇంకా ఇరవై తొమ్మిది తలుపులున్నాయి. తాళాలు నేనే మారుస్తా. ఎందుకు మారుస్తున్నానో కూడా నేనే చెప్తా."