బావ పాదాలకు అక్క రాసిన నూనె

తొంభైల చివర్లో నేను రాయపూర్ వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు. పిల్లలు లేరని మా అక్క అత్తగారు బావకు రెండో సంబంధం చూస్తున్నట్టు కబురొచ్చింది. అక్కకు చేయించని పరీక్ష లేదు, బావకు మాత్రం ఒక్కటీ చేయించలేదు. ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని విశాఖలో సాయంత్రం బండెక్కాను. స్లీపరుకు నూట చిల్లర అయింది. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా తెల్లారేసరికి దింపింది. పండరీ దగ్గర అక్కావాళ్లింటికి రిక్షా పది రూపాయలు. రిక్షా తొక్కేవాడిది పలాస. "ఇక్కడ సలికి కాళ్లు పగిలిపోతాయి బాబూ, మేజోళ్లు ఏసుకోండి" అన్నాడు.

బావ ప్లాస్టిక్ గొట్టాలు చేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. తెల్లటి పొడిలో నూనె పోసి కలిపితేనే గొట్టం మెత్తగా వంగుతుంది. ఆ కలిపే పని ఆయనదే, ఉత్త చేతులతో. అక్కను కూడా వెంటబెట్టుకుని వెళితే దేవేంద్ర నగర్‌లోని డాక్టరు పరీక్షలకు రాసిచ్చాడు. రిపోర్టులు సాయంత్రం ఇస్తామన్నారు. అందాకా తెలీబంధా చెరువు దగ్గర కూర్చున్నాం. అటుకుల పోహా కొనిపెడితే బావ ముట్టలేదు.

కాలేయం వాచిందనీ, వీర్యకణాలు దాదాపు లేవనీ డాక్టరు చెప్పాడు. మందు అలవాటుందా అని అడిగితే లేదన్నాడు బావ. ఏం పని అని అడిగితే నూనె సంగతి చెప్పాడు.

"కార్ఖానాలో దాన్ని డీఓపీ అంటారండి."

"అది ఎలుకల్లో కాలేయాన్నీ వృషణాలనీ పాడుచేస్తుందని చదివాను. మీకూ అదే కారణమని గట్టిగా చెప్పలేను. ముందు ఆ పని మానేయండి."

అప్పుడు అక్క అంది. "ఆ తేల్ మా ఇంట్లో కూడా ఉంది డాక్టర్ సాబ్." ఆ నూనెకు వాసన లేదు, జిడ్డు నిలుస్తుంది కదా అని చలికాలం కార్ఖానావాళ్లంతా సీసాల్లో పట్టుకెళ్లి పగుళ్లకు రాసుకునేవారట. "రోజూ రాత్రి ఈయన కాళ్లకి నానే రాస్తన్నాను."

పారబోయమన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక బావ అక్కతో, "నీకు తెలిసి సేసేవేటి? అమ్మకి నానే సెప్తాను, లోపం నాదేనని" అన్నాడు. చెప్పాడు కూడా. రెండో సంబంధం మాట అక్కడితో ఆగిపోయింది. అక్క బతుకు నిలబడిందని నేను సంతోషించాను, ఆమె మాత్రం సంతోషించలేదు. ఆ చలికాలమంతా బావ మడమలు పగిలి నెత్తురు కారినా వాటి మీద చెయ్యి వేయలేకపోయింది. ప్రేమగా చేసిన పని అలా ఎదురు తిరిగితే ఎవరిని తిట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

పిల్లల కోసం వైద్యానికి బయల్దేరేవాళ్లకు ఒక్క మాట. భార్యాభర్తలిద్దరూ మొదటి రోజే పరీక్షలు చేయించుకోండి, చేసే పనేమిటో డాక్టరు అడగకముందే చెప్పండి.