మా ఊరి గోధుమ

పొద్దున్నుంచి సాయంత్రం దాకా తూకం వేయడమే నా పని. పరాయి దేశంలో, అల్ మవాలే అనే చోట పప్పులు, పిండి, మసాలాలు అమ్మే కొట్లో ఉంటాను. సంచి ఎత్తి చూస్తే చాలు, ఎంత బరువుందో చెప్పేస్తాను. ఒక్కదాని బరువు మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తున్నా చెప్పలేకపోతున్నాను. అది ఒక విత్తనాల జాడీ. అదీ ఖాళీ జాడీ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే నవ్వుతారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, నేను నోరు తెరిస్తే నవ్వడం వాళ్ళకు అలవాటు చేసింది నేనే. ఏడో తరగతిలో బడి మానేసినవాడి దగ్గర నోరు తప్ప ఇంకేముంటుంది? ఆ నోటితోనే వీసా ఏజెంటును నవ్వించాను, ఇక్కడి కొట్టు యజమాని ముసలి అర్బాబును నవ్వించాను. ఇప్పుడు చెప్పబోయే పని కూడా ఆ నోటితోనే మొదలుపెట్టాను. ముగించింది మాత్రం చేతులతో.

కొట్లోకి రాకముందు నిజ్వా పట్నం దాటాక కొండల్లో ఉన్న ఒక ఊళ్ళో తోటపని చేశాను. ఖర్జూరపు చెట్లు, వాటి నడుమ చిన్న చిన్న మడులు, కొండ లోపలి నుంచి వచ్చే ఫలజ్ కాలువలో వంతుల వారీగా నీళ్ళు. తోట యజమానిని అందరిలా నేనూ బాబా అనేవాణ్ణి. ఆయన నన్ను రఫీక్, అంటే స్నేహితుడా, అనేవాడు. మేం మాట్లాడుకునే భాష సగం హిందీ, సగం అరబ్బీ, మిగతా సగం చేతులు.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ అప్పటికే కొత్త గోధుమకు మారిపోయాయి. పొట్టిగా ఉంటుంది, గాలికి పడదు, త్వరగా కోతకొస్తుంది, గింజ బాగా దిగుతుంది. ఎవరు వద్దంటారు? బాబా కూడా పెద్ద మడుల్లో అదే వేయించేవాడు. ఇంటి పక్క మడి ఒక్కటి మాత్రం పాత గోధుమది. హమీరా అనేవాళ్ళు, ఎర్రది అని. మనిషి రొమ్ము దాకా ఎదుగుతుంది, పండే వేళకు దాని మీసాలు ఎర్రబడతాయి, కాస్త గట్టిగా గాలి వీస్తే బద్ధకంగా పడుకుంటుంది. ఊళ్ళో దాన్ని వేసేవాడు ఆయనొక్కడే మిగిలాడు. కళ్ళకు పొరలు కమ్మినా, కోతలయ్యాక విత్తనాల జాడీని తన చేతులతోనే నింపుకునేవాడు. మిగిలిన గింజలు పండుగ రొట్టెలకు సరిపోయేవి. జాడీ సామాన్ల గదిలో ఉండేది. ఆ గది తాళంచెవి నా మొలతాడుకు ఉండేది.

ఆ ఏడు రంజాన్ ఎండల్లో వచ్చింది. నా రూమ్‌లో మస్తాన్ భాయ్ అని ప్రొద్దుటూరు మనిషి ఉండేవాడు, పక్క తోటలో డ్యూటీ. ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచీ హలీం హలీం అని ఒకటే కలవరింత. నువ్వు మాంసం చూసుకో భాయ్, గోధుమలు నేను తెస్తానన్నాను. నిజ్వా వెళ్ళాను. ఫోన్ రీచార్జి చేయించి, నా కూతురితో మాట్లాడుతూ బజారంతా తిరిగాను. ఇక్కడ ఒంటెలు లారీ ఎక్కుతాయని చెబితే అది నమ్మలేదు, ఆ నవ్వు వింటూ బస్సెక్కేశాను. గోధుమలు మరిచిపోయాను. వచ్చేసరికి మాంసం పొయ్యి మీద ఉడుకుతోంది.

"యాడప్పా గోధుమలు?" అన్నాడు మస్తాన్ భాయ్.

"యాడికి పోతాయి, వస్తాండాయి," అని సామాన్ల గదికి నడిచాను.

ఒక్క గిన్నెడు. జాడీలో మట్టం కాస్త కిందికి దిగింది, అంతే. నిజ్వా నుంచే తెచ్చాననుకున్నాడు మస్తాన్ భాయ్.

ఆ సాయంత్రం బాబా ఖర్జూరాలు పట్టుకుని ఇఫ్తార్‌కు మా రూమ్ ముందుకు వచ్చాడు. హలీం పెట్టాం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఆ తర్వాత నడిచిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. తెలుగులో చెబుతున్నాను.

"రఫీక్, ఈ గోధుమ ఎక్కడిది?"

"మా ఊరిది బాబా. మా చేలోది. మొన్న సెలవుకు పోయినప్పుడు తెచ్చుకున్నా."

"ఇది నీ ఊళ్ళో పండుతుందా?"

"ఇది తప్ప ఇంకోటి పండదు. మా గాడిదలు కూడా ఇదే తింటాయి."

ఆయన నవ్వలేదు. ఇంకో ముద్ద తిని మూతి తుడుచుకున్నాడు. "మా అమ్మ వండే హరీస్ ఇట్లాగే ఉండేది. ఇది మా కొండల్లోనే పుట్టింది, నాతోనే పోతుందనుకున్నాను. నీ ఊళ్ళో కూడా ఉందన్నమాట," అన్నాడు. అప్పుడు నవ్వాడు. "అయితే ఇక నేను నిశ్చింతగా చావొచ్చు."

"అప్పుడే ఏం తొందర బాబా, ఇంకో గిన్నె తిని పో," అన్నాను నేను.

ఆయన వెళ్ళాక మస్తాన్ భాయ్ నా వీపు మీద ఒకటి చరిచాడు. "మన పక్క గోధుమ చేను ఎప్పుడన్నా కంటితో చూసినావా అబ్బీ?" అన్నాడు. "రేషన్ షాపులో పిండి చూసినా గదా," అన్నాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. మా ఊళ్ళో పండేది వేరుశనగ, జొన్న, పొద్దుతిరుగుడు.

అక్కడితో ఆగితే ఈ మాటలు మీకు చెప్పే పనే ఉండేది కాదు. కానీ బాబా మళ్ళీ వచ్చాడు. నీ ఊరి గోధుమ ఇంకా ఉందా రఫీక్ అని, చిన్నపిల్లాడు పప్పుబెల్లం అడిగినట్టు అడిగాడు. లేదని ఎలా చెప్పను? ఆ నెలంతా గిన్నె తర్వాత గిన్నె తీశాను. ఆయన విత్తనాన్ని ఆయనకే వండి పెట్టాను, ఆయన ముఖం వెలిగిపోతుంటే అదేదో నా గొప్పలా చూస్తూ కూర్చున్నాను. అది ప్రేమ కాదా? కొంత ప్రేమే. దొంగసొత్తుతో చేసిన ప్రేమ. పండుగ నాటికి జాడీ అడుగున పిడికెడు గింజలు మిగిలాయి. నేను కొత్త రకం గోధుమలు పోసి జాడీని నింపేశాను.

చలికాలం వచ్చింది. ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, విత్తనం నేనే చల్లాను. వెన్ను తీసే వేళకు మడిలో ఉన్నవన్నీ పొట్టివి. వాటి నడుమ అక్కడక్కడా, పొడుగ్గా హమీరా మొక్కలు. పిడికెడు గింజలు మొలిచాయి. తలలెత్తి నన్నే చూస్తున్నట్టున్నాయి.

అసలు సంగతి ఇక్కడుంది. బడి మానేశాక నేను నేర్చిన మొదటి పని, మా పక్క విత్తనాల కోసం వేసే పొద్దుతిరుగుడు చేలలో కేళీలు ఏరడం. వేసిన రకంలో వేరే రకం మొక్క మొలిస్తే దాన్ని కేళీ అంటాం. సాలు వెంట నడుస్తూ దాన్ని కనిపెట్టి వేరుతో సహా పీకేయాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఇప్పుడు ఈ మడి చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? రెండు రకాలు కలిసి మొలిస్తే జాడీలో ఎవరో కలిపారనుకుంటారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతారు. అన్నీ పొట్టివే మొలిస్తే? అసలు జాడీ నింపినప్పుడే పొరపాటు జరిగిందనుకుంటారు. కోతలప్పుడు జాడీ నింపింది బాబా, నేను కాదు.

శుక్రవారం మగవాళ్ళంతా మసీదులో ఉన్న వేళ మడిలోకి దిగాను. ఒక్కొక్కటే పీకాను. ఇంకా పాలు పోసుకోని పచ్చి వెన్నులు. ఒక్క నెల ఆగి ఉంటే గింజ గట్టిపడేది. ఆ కాసిని వెన్నులు మళ్ళీ విత్తుకుంటూ పోతే కొన్నాళ్ళకు జాడీ నిండేది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తెలిసే పీకాను. మేకలకు వేశాను. అవి తింటుంటే నిలబడి చూశాను.

తిన్నందుకు నన్ను నేను ఎప్పుడో ఒకప్పుడు మన్నించుకునేవాణ్ణేమో. పీకినందుకు మాత్రం కాదు.

తర్వాత ఒక రోజు బాబా కర్ర పట్టుకుని మడి గట్టు మీదికి వచ్చాడు. ఒక వెన్ను తెంపి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చాలక వేళ్ళతో తడిమి చూశాడు. కొత్త గోధుమ. "నా కళ్ళు చేసిన పని ఇది. కళ్ళంలో వేరే కుప్ప నుంచి జాడీ నింపుకున్నాను," అన్నాడు. జీవితంలో అదొక్కసారే నాకు జోకు తట్టలేదు. ఆయనే నా భుజం తట్టాడు. "పర్లేదు రఫీక్. నీ ఊళ్ళో ఉందిగా."

ఆ మడిలో ఇంకేమీ వేయొద్దన్నాడు. నా ఊరి విత్తనం వచ్చేదాకా అది ఖాళీగానే ఉండాలన్నాడు. నేను సెలవుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఒక కథ చెప్పాను. ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారని ఒకసారి, పురుగు పట్టిందని ఒకసారి, తమ్ముడు మొత్తం అమ్మేశాడని ఇంకోసారి. నాకు తమ్ముడే లేడు. ప్రతిసారీ ఆయనే నన్ను ఓదార్చాడు. చివరికి మంచి పని దొరికిందని చెప్పి ఇటు వచ్చేశాను. పని కోసం కాదు. ఆ ఖాళీ మడి పక్క నుంచి నడవలేక.

కొట్లోకి కొండల వైపు మనుషులు వస్తే మాటల్లో పెట్టి అడుగుతాను, మీ వైపు ఎర్ర గోధుమ ఎవరైనా వేస్తున్నారా అని. నీళ్ళు తగ్గాయని ఒకరంటారు. పిల్లలకు సేద్యం పట్టలేదని ఒకరు, దిగుబడి రాదని ఇంకొకరు. అన్నీ నిజమే అయ్యుంటాయి. ఒక్కో ఊళ్ళో ఒక్కో కారణంతో అది పోయింది. ఆ ఊళ్ళో మాత్రం కారణం నేను. ఎక్కడో ఏ కొండ వెనకో ఇంకో ముసలాయన జాడీలో ఉండకపోతుందా అని ఇప్పటికీ ఆశ. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా గోధుమ సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూస్తాను. ఆ వాసన కాదు. రేకు మీద కాలే ఆ రొట్టె వాసన, దాని వెనకే ఖర్జూరాల నీడ, కాలువలో కాళ్ళు పెట్టుకుని బాబా నవ్వు. సెలవులో ఇంటికి పోయినా నాకు అదే మనసులో మెదులుతుంది. నాది కాని ఊరి మీద ఇంత బెంగ ఏమిటో.

ప్రతి ఏడూ విత్తే కాలానికి మనవడి ఫోన్ నుంచి బాబా గొంతు మెసేజీగా వస్తుంది. ఈసారి గొంతు బాగా సన్నబడింది. "రఫీక్, మడి దున్నించాను. నీ ఊరికి ఎప్పుడు పోతున్నావు?" అంతే. నేను నవ్వే బొమ్మ పంపాను.

ఒక్క ముద్దతో గోధుమను పట్టేసినవాడు నా అబద్ధాన్ని పట్టుకోకుండా ఉంటాడా? తెలిసే ఎదురు చూస్తున్నాడేమో, విత్తనం కోసం కాక, నా నోటి నుంచి ఒక మాట కోసం? అలా అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే అలా అనుకోకూడదు. ఆయన విత్తనం కోసమే ఎదురు చూస్తున్నాడు.

ఆయనకు చెప్పాల్సిన ఆ నిజం ఎప్పుడూ పైకి అనలేదు. ముందు మీ దగ్గర అని చూస్తున్నాను, నోటికి అలవాటు కావాలి కదా. మీరు నవ్వలేదు, అది చాలు.

బాబా, నీ కళ్ళ తప్పేం లేదు. మా ఊళ్ళో గోధుమ పండదు.