కంటి కింద ఎరుపు

మా తోటికోడలు పోయి నేటికి పందొమ్మిది రోజులు. మంగినపూడి దగ్గర మా పల్లెలో ఆమెను తెలియనివారు లేరు. తెలియని మీకోసం చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఆమె కూతురే రాస్తోంది, తల ఎత్తకుండా. ఇందులో నా తప్పెంతో మీరే తేల్చండి.

ముప్పై ఏళ్లు ఇద్దరం బందరు మార్కెట్టులో పక్కపక్కన కూర్చుని చేపలమ్మాం. నేను అరిచేదాన్ని, ఆమె అమ్మేది. ఎవరైనా బేరమాడి లేచిపోతుంటే, "వెళ్లండి బావగారూ, మా అక్క అరుపే మిమ్మల్ని మళ్లీ ఇక్కడికి లాక్కొస్తుందిలెండి!" అనేది. సగం మంది నవ్వుతూ తిరిగొచ్చేవారు.

చేపను చేతిలోకి తీసుకోగానే మొప్ప ఎత్తడం మాకు అలవాటు. లోపల ఎర్రగా ఉంటే తాజా. ఆమె కళ్లు పచ్చబడినప్పుడూ అలాగే బొటనవేలితో కింది రెప్ప లాగి చూశాను.

"నేనేమన్నా పండుగప్ప చేపనా అక్కా, మొప్పెత్తి చూస్తున్నావు?" అని నవ్వింది.

కామెర్లనుకున్నాం. క్లోమంలో కేన్సరు గడ్డ అని తేలింది. విజయవాడలో ఆపరేషన్ చేశాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: "ఈ జబ్బుకి నెత్తురులో ఒక గుర్తుంటుందమ్మా. ముందు వందల్లో ఉంది, ఇప్పుడు బాగా దిగింది. మంచిదే. మూడు నెలలకోసారి చూడాలి. మళ్లీ ఎక్కితే జబ్బు తిరగబెట్టిందేమో వెతకాలి."

"ఎన్నేళ్లు బతుకుతుందో అది చెప్పండి" అని గద్దించాను.

"ఆ అంకె చూసి అంచనా వేస్తాం గానీ, ఆయుష్షు చెప్పలేమండీ."

అప్పట్నుంచి ఆ పరీక్ష కాగితం వచ్చే రోజంటే నాకు ముద్ద దిగేది కాదు. ఆమే కంచం ముందు పెట్టేది. "తినక్కా. ఖాళీ కడుపులోనే భయం ఎక్కువ అరుస్తుంది."

రెండుసార్లు అంకె కిందే ఉంది. మూడోసారి వెళ్లాల్సిన పొద్దున రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉంది. కాస్త ఒళ్లు కూడా చేసింది. "ఇంత ఎర్రగా ఉంటే సూదెందుకే? ఈసారికి మానెయ్" అన్నాను. నా మాట ఆమె ఏనాడూ కాదనలేదు, మానేసింది. నిజం చెప్పనా, ఆ ఎరుపు మీద నమ్మకం కాదు నాది. ఆ కాగితమంటే భయం.

తర్వాతిసారికి అంకె ఎక్కడికో పోయింది. జబ్బు కాలేయానికి పాకింది.

"ఆ మానేసిన పరీక్ష చేయించి ఉంటే?" అని డాక్టరమ్మను నిలదీశాను. "ఆ పరీక్షలో తెలిసుంటే మందులు ముందే మొదలుపెట్టేవాళ్లం. అయినా నయమయ్యేదో లేదో చెప్పలేనమ్మా" అంది. ఆ "చెప్పలేను" నా గొంతులో ముల్లై కూర్చుంది. తప్పు నీదే అనేసి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మా తోటికోడలు మాత్రం ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. చివరికి నేనే ఎత్తాను. "నువ్వు చూసిన మొప్ప ఎర్రగానే ఉందిలే అక్కా. కడుపులో ఏముందో కోస్తేగా తెలిసేది" అంది. నన్ను ఓదార్చిందో, దెప్పిందో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడిదాకా చెప్పి, "రాశావుటే?" అన్నాను. పిల్ల పెన్ను పక్కన పెట్టింది. లేచొచ్చి, బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగింది. చాలాసేపు చూసింది.

"తెల్లగా పాలిపోయింది పెద్దమ్మా. రేపు పొద్దున్నే నెత్తురు పరీక్షకి వెళ్దాం. నువ్వు మానేద్దామంటే ఊరుకోను."

ఇది కూడా రాయవే అన్నాను. రాస్తోంది. ఆ వేలు ఇంకా నా కంటి కిందే ఉన్నట్టుంది.