పెద్ద గుడ్డ అంచు

మొన్న మడికొండలో మా ఆఫీసు మెట్ల మీద ఎవరో గొడుగు విప్పారు. గాలికి ఆ పలచటి నైలాన్ గుడ్డ పెళపెళలాడింది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సుల్తానా అక్క పోయినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

అక్క మా పక్కింటావిడ. వయసులో ఉండగా హైదరాబాద్‌లో తెరచాప పడవల పోటీల్లో తిరిగిన మనిషి. వరంగల్ వచ్చాక, నర్సంపేట అవతల పాకాల చెరువులో ఇద్దరు పట్టే పాత పడవ ఒకటి పెట్టుకుంది. ఆదివారాలు నన్ను వెంటేసుకుని వెళ్లేది. గాలి వెనక నుంచి, ఉందా లేదా అన్నట్టు వీచే రోజున పడవ ముందువైపు ఎత్తే పలచటి నైలాన్ తెరచాప ఒకటుంటుంది. స్పిన్నేకర్ అంటారు, అక్క మాత్రం పెద్ద గుడ్డ అనేది. దాని అంచులన్నీ వేళ్లతో తడిమి, మెలి లేకుండా చూసి, మూడు కొసలూ పైకి ఉండేలా సంచిలో సర్దేది. చూడకుండానే చేసేది. పనితనమంటే ఇదీ అని మురిసిపోయేదాన్ని.

చుక్కాని అక్కది, పెద్ద గుడ్డ తాడు నాది. తాడు కొంచెం కొంచెంగా వదలాలి, అంచు ముడుచుకోబోతే కాస్త లాగాలి. చూసింది చూసినట్టు పైకి చెబుతూ ఉండాలి. నేను కాసేపు ఊరుకుంటే చాలు, కసిరేది. ఈవిడకింత చాదస్తమేమిటని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఒకరోజు పెద్ద గుడ్డ కింద నుంచి చేపలవాళ్ల తెప్ప కనిపించింది. కంగారులో మాట రాక వేలితో చూపించాను. అక్క పడవని తిన్నగా దాని మీదికే పోనిచ్చింది. నేనే చుక్కాని మీద పడి పక్కకి నెట్టాను. తెప్పలో మనిషి తిట్లు ఆగాక అక్క మెల్లగా అంది.

"రెండేండ్ల సంది నాకు అంచు కనవడ్తలేదు చెల్లె. నీ మాట మీదనే నడుపుతాన్న. ఇగ గుడ్డ దించు."

చోట్లు మార్చుకుందామన్నాను. తాడు పట్టేవాళ్లకి కళ్లతోనే పని కదా అని తనే నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

కంటి ఆపరేషన్ చేస్తే చూపు నిలుస్తుందేమోనన్న ఆశ ఒక్కటే మిగిలింది. కట్టు విప్పిన రోజు డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. అక్క నా చేయి పట్టుకుంది.

"డాక్టర్ సాబ్ మొఖం ఎట్లున్నది? ఉన్నదున్నట్టు చెప్పు."

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"తల దించుకున్నడు అక్కా."

"మంచిగ చెప్పినవ్," అంది. చేయి మాత్రం వదల్లేదు.

తర్వాత చెరువుకి రాలేదు. పోయిన చలికాలం నిద్రలోనే వెళ్లిపోయింది. నాకింకా దుఃఖం తీరలేదు. ఎవరైనా చీరో వంటో చూపించి ఎలా ఉందని అడిగితే, మాటవరసకైనా బాగుందని అనలేకపోతున్నాను. అందుకు నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఏం చేయను, రెండేళ్లు ఒక మనిషి తన ప్రాణాన్ని నమ్మి అప్పగించిన నోరు ఇది.