నలుగురి బరువుకు కొలిచిన షాఫ్టు

అంతా తమిళమే మాట్లాడే కాలాపేటలో ఉద్యోగాలకు వచ్చిన కొత్తలో యానాం అమ్మాయిలం నలుగురం కలిసి, కొండదారులు తిరగాలని ఒక పాత జీపు కొన్నాం. స్ప్రింగులు మార్పించి నాలుగంగుళాలు ఎత్తు కూడా చేయించాం. ఆ తర్వాత ఒకరికి బదిలీ, ఒకరికి పెళ్లి అయ్యాయి, ఇంకొకరికి హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చింది. చివరికి జీపూ నేనూ మిగిలాం. ఎత్తు చేసినప్పటి నుంచీ వేగం యాభై దాటితే చాలు, కింద ఒకటే గోల, కాళ్ల కింద రేకు అదురుడు. ఈ శనివారం ఏదో ఒకటి తేల్చేయాలనుకున్నాను: బాగు చేయించి ఒంటరిగానైనా జవ్వాది కొండలకు వెళ్లడమో, అమ్మేసి కొండల ఊసే మానేయడమో.

ఎనిమిదింటికి బయల్దేరి, ఈసీఆర్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు మీద నలభైకి మించకుండా నడిపాను. వెనక వచ్చిన బస్సులన్నీ హారన్ కొట్టి నా గురించి తమ అభిప్రాయం చెప్పిపోయాయి. లాస్‌పేట మీదుగా మూలకుళంలోని లేత్ షాపు చేరేసరికి తొమ్మిది దాటింది. తెలుగు ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో "చచ్చాన్రా నాయనా, నడుం విరిగింది" అన్నాను పైకే.

"నడుం సంగతి ఆమీద చూస్తాం, బండికేంది మా?" అంటూ ఒక పెద్దాయన బయటికొచ్చాడు. ఎదురుగా మనిషి నిలబడి తెలుగులో పలకరించి ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన పేరు వి. దేవరాజులు. తెలుగువాళ్లే, తాతల కాలం నుంచీ వాళ్ల కాపురం ఇక్కడే.

బండి కింద దూరి చూశాడు. "బండిని ఎత్తినారు, షాఫ్టులు పాతవే ఉండాయి. కొసన రవ్వంత పట్టుకోని ఉండాది మా. గుంతలో పడితే ఊడొచ్చేస్తుంది."

ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చే ఇనుప గొట్టాలివి, ముందొకటి, వెనకొకటి. బండి లేస్తే వీటి పొడవు చాలదు. పాత గొట్టం కోసి, పొడుగుది వేసి వెల్డింగు చేసి, లేత్ మీద తిప్పి వంకర తీస్తారు. రెండింటికీ ఏడు వేలు, సాయంత్రానికి ఇస్తానన్నాడు.

టేపు పట్టుకుని, "బండిలో ఎందరు పోతారు?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ అంతే. ఖాళీ బండికే కొలవండి," అన్నాను విసుగ్గా.

ఆయన టేపు చుట్టేశాడు. "అట్ల చేస్తే, నలుగురు ఎక్కిననాడు బండి దిగి షాఫ్టుకు లోపలికి పోను చోటుండదు. గేరుపెట్టెను పోయి గుద్దుతుంది. ఎవురూ ఎక్కరని నువ్వెట్ల చెప్తావు మా?"

నన్ను స్టీరింగు ముందు కూర్చోమని, భార్య రుక్మిణమ్మను కేకేశాడు. ఆమె తరుగుతున్న బెండకాయల పళ్లెంతోనే వచ్చి నా పక్కన కూర్చుంది. వెనక సీట్లో పక్కింటి టైలరమ్మ, ఎదురు కొట్టు టీ ఆయన ఎక్కారు. "ఊగొద్దండి!" అని కింద నుంచి దేవరాజులు అరుస్తున్నా వాళ్ల మాటలు ఆగలేదు. "ఒక్కదానివే అయితే యాడ తింటావు మా?" అంది రుక్మిణమ్మ. హాస్టల్ మెస్ అన్నాను. ఆమె మొహం చిట్లించింది. కాసేపు జీపు నిండుగా ఉంది. కొలత అయిపోయి వాళ్లు దిగిపోతుంటే, ఇంకోసారి కొలవమని అడగాలనిపించింది.

మధ్యాహ్నం ఆవిడే సాంబారన్నం పెట్టి, తన ఫోన్ నంబరూ ఇచ్చింది. అయిదింటికి బయల్దేరాను. అరవైలో కూడా జీపు మెత్తగా పోయింది. అంత నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ గోలే నాకు తోడుగా ఉండేదని అప్పుడు తెలిసింది. పక్క సీట్లో ఒక బెండకాయ తొడిమ పడి ఉంది. దాన్ని పారేయబుద్ధి కాలేదు.

బండి అమ్మకూడదని తేల్చుకున్నాను. అయినా ఆ రాత్రి గదిలో నేనొక్కదాన్నే, ముగ్గురు స్నేహితురాళ్లకు పెట్టిన షాఫ్టు ఫొటోకు ఒక బొటనవేలి బొమ్మ తప్ప జవాబు లేదు. రుక్మిణమ్మకు ఫోన్ చేసి, కొండలకు వస్తారా అని అడిగాను. "టైలరమ్మకూ చోటుందా మా?" అంది.

బండి ఎత్తు చేయించేవాళ్లకు ఒక్క మాట: షాఫ్టు కొలిచేటప్పుడు సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టండి. మీకెవరూ లేకపోతే ఆ వీధిలోనే అడగండి, వచ్చి ఎక్కుతారు.