కింది మూడు అరలు

నా ఇనప్పెట్టె తాళంచెవి ఏదో బస్సులో జారిపోయింది. పెట్టె నిండా పుస్తకాలు, అడుగున రెండు జతల బట్టలు. ఊరు కొత్త, అయినా నాకు పాత ఊరంటూ ఏదుంది గనక. బస్టాండు వెనక సందులో తాళాలు బాగుచేసే మనిషి ఉన్నాడంటే పెట్టె మోసుకుని వెళ్లాను. యాభై దాటినవాడు, సన్నగా, మీసాల్లో నవ్వు దాచుకుని కూర్చున్నాడు.

"దొంగసొత్తు కాదు కదా, బాబాయిగారూ?"

"పుస్తకాలు."

"అయితే దొంగలు కూడా ముట్టరులెండి," అంటూ రెండు ఇనప పుల్లలు కన్నంలోకి దోపి, కళ్లు మూసుకుని, ఎక్కడో పాట వినపడుతున్నట్టు తల పక్కకు వాల్చాడు. అర నిమిషంలో మూత లేచింది. కళ్లెందుకు మూశావని అడిగితే, "లోపలున్నది కళ్లకెలాగూ కనపడదు. ఏ పిన్ను మొరాయిస్తోందో వేళ్లే చెబుతాయి," అన్నాడు.

అతని కొట్టు మీద ఒక గది ఖాళీగా ఉంది. వారం ఉందామని దిగినవాణ్ని రెండేళ్లు దాటినా కదల్లేదు. ఒక చోట మూడు నెలలుంటే అరికాళ్లు దురద పెట్టే మనిషిని నేను. అలా ఉండిపోవడానికి కారణం అతను కాదు, వాళ్ల అక్క.

ఆవిడ పొట్టి మనిషి. నిలబడితే నా భుజం దాకా కూడా రాదు. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది, తమ్ముడేమో పెళ్లి ఊసెత్తితే సందు చివరికి వెళ్లి నిలబడే రకం. వైద్య పరిశోధన చేసే పెద్ద సంస్థలో, యానిమల్ హౌస్ అంటారే, ఎలుకలను పెంచే ఆ విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. సందులో అందరికీ ఆవిడ 'ఎలుకలావిడ'. ఆ పిలుపు ఆవిడకేమీ కష్టం కలిగించేది కాదు. "పిల్లలావిడ అని పిలిపించుకునే రాత లేదు, ఇదైనా దక్కింది," అనేది నాతో, బట్టలు మడతపెడుతూ.

మందులు ఎలా పుట్టాయన్న కథలు నేను చాలా చోట్ల చదివాను, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ధర్మాసుపత్రుల వరండాల్లో. అలాంటి ప్రతి పుస్తకం చివరా పేర్ల పట్టిక ఒకటుంటుంది. మందు కనిపెట్టినవాళ్లు, కనిపెట్టామని కొట్టుకున్నవాళ్లు, బహుమతులు అందుకున్నవాళ్లు. పంజరం కడిగినవాళ్ల పేరు ఏ పట్టికలోనూ చూడలేదు. వెతకాలన్న ఆలోచన నాకూ అప్పటిదాకా రాలేదు, అది వేరే సంగతి.

ఆవిడ చివరి అయిదేళ్లూ పనిచేసింది కండరాలు కరిగిపోయే జబ్బున్న ఎలుకల మధ్య. వాటికా జబ్బు ఎక్కడినుంచో రాలేదు, మనుషులే పుట్టించారు. జన్యువులో ఒక తప్పు చొప్పించి పెంచిన జాతి అది. పుట్టినప్పుడు చలాకీగానే ఉంటాయి, మూడు నెలలు తిరిగేసరికి వెనక కాళ్లు ఈడుస్తాయి, నూట ముప్పై రోజులకు అటూ ఇటూగా పోతాయి. కొత్త మందొకటి వాటి మీద పరీక్షించారు. పంజరాలు పెట్టే ఇనప ర్యాక్‌కు ఆరు అరలు. మందు ఇచ్చేవాటి పంజరాలకు నీలం కార్డు, ఉత్త ఉప్పునీళ్ల సూది ఇచ్చేవాటికి తెల్ల కార్డు. మందు సూది ఆ పరిశోధన నడిపే డాక్టరుగారు స్వయంగా వేసేవారు. చక్రాల స్టూలు మీద కూర్చుని వేసుకోవడానికి వీలుగా నీలం కార్డులన్నీ కింది మూడు అరల్లో పెట్టించారు. పై మూడు అరలూ తెల్లవి. వాటికి సూది వేయడం, మేత వేయడం అంతా ఇంకో పనివాడు చూసేవాడు. అతన్ని అందరూ 'పొడుగాయన' అనేవారు.

ఏ పంజరంలో ఏముందో పనిచేసేవాళ్లకు తెలియకూడదనీ, రెండు రకాలనూ కలిపి పెట్టాలనీ ఈ శాస్త్రం పాఠాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పేజీ అందరూ చదువుతారు. నడుం నొప్పి అంతకంటే గట్టిది.

ఫలితం బాగా వచ్చింది. నీలం కార్డువి తెల్ల కార్డు వాటి కంటే నెల రోజులు ఎక్కువ బతికాయి. డాక్టరుగారి ఫొటో పేపర్లో పడింది. విభాగంలో కేకు కోశారు. ఆవిడకూ ఒక ముక్క కాగితంలో చుట్టి ఇస్తే ఇంటికి తెచ్చి తమ్ముడికి పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకే రిటైరైంది.

నేను వచ్చిన ఏడాదికి కాబోలు, ఒక పొద్దున తాళాలతని చేతిలోంచి ఆకురాయి జారి కింద పడింది. తీసి పెట్టుకున్నాడు. మళ్లీ పడింది. నెల తిరిగేసరికి తాళంచెవి కోయడం మానేశాడు. "ఊళ్లో ఏ తాళమైనా తీస్తాను బాబాయిగారూ, నా చొక్కా బొత్తాం తీయలేకపోతున్నాను," అని నవ్వాడు. ఆస్పత్రిలో జబ్బు పేరు చెప్పినప్పుడు వాళ్లక్క పక్కనే ఉంది. ఆ పేరు ఆవిడకు కొత్తది కాదు. అయిదేళ్లు ఆ పేరున్న ర్యాక్‌ను తుడిచింది.

అప్పటికే ఆ మందు మనుషుల మీద పరీక్షకు వచ్చింది. నెలకోసారి వెన్నులోకి సూది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీళ్లు, ఎవరికేదో ఎవరికీ చెప్పరు. మనుషుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాఠం మొదటి పేజీ గుర్తొచ్చింది. తాళాలతను ససేమిరా అన్నాడు.

"వెన్నులో గుచ్చించుకోవడానికి నేనేమన్నా దిండునా?"

"నోరు మూసుకుని నా మాట విను. నేను చూశానురా," అంది వాళ్లక్క. "నీలం కార్డువి బతికాయి. ఎవరో చెబితే విన్నది కాదు, ఈ చేతుల్తో ఎత్తి చూశాను."

"అవి ఎలుకలే అక్కా."

"నువ్వేమన్నా ఏనుగువా? నా కోసం వెళ్లు."

వెళ్లాడు. డాక్టరుగారిని బతిమాలి ఆవిడే చేర్పించింది. సూది వేసిన రోజు నుంచి మూడు రోజులు తలెత్తితే తల పగిలిపోయేదతనికి. బోర్లా పడుకుని, నేలకేసి చూస్తూ మాట్లాడేవాడు. అయిదు సూదులైనా నొప్పి మాట ఒక్కసారీ అక్క ముందు ఎత్తలేదు. "మా అక్క సాక్ష్యం ఉంది," అనేవాడు కొట్టుకొచ్చినవాళ్లతో. కొట్టులో పని లేదు, మాటలు మాత్రం ఉన్నాయి.

ఆరో సూది ఇంకా వారం ఉందనగా జరిగిందిది. మధ్యాహ్నం. నేను వాళ్లింట్లోనే ఉన్నాను, కిటికీ పక్కన పేపరు చదువుతూ. అతనికి చెయ్యి నోటి దాకా లేవడం లేదు, గట్టివి నమలలేకపోతున్నాడు. వాళ్లక్క రొట్టె ముక్కలు పాలలో నానేసి, మెత్తగా మెదిపి, లోతు తక్కువున్న గిన్నెలో పెట్టి గడ్డం కిందికి తెచ్చింది. తల వంచితే చాలు, అందుతుంది. ఎక్కడో నేర్చుకున్న పని అది, చెయ్యి ఏమాత్రం తడబడలేదు.

"భలే పెట్టావే. నీ ఎలుకలకూ ఇలాగే పెట్టేదానివా?" అన్నాడు ఎగతాళిగా.

"మరి? మేతేమో పైన జాలీ మూతలో ఉంటుంది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి లాక్కోవాలి. కాళ్లు పోయాక ఎలా లేస్తాయిరా? కింద పడుండి పైకి చూస్తుండేవి. చూడలేక గుళికలు నీళ్లలో నానేసి, సీసా మూతలో పెట్టి నేల మీద పెట్టేదాన్ని."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"పొడుగాయన వెక్కిరించేవాడు. ఉయ్యాల కూడా కట్టు అక్కా, జోల నేను పాడతాను అని. అతను రూలు దాటడు. రాసినంతే చేస్తాడు."

తాళాలతను మరో ముద్ద తిన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. తల పక్కకు వాల్చాడు.

"అన్నిటికీ పెట్టేదానివా?"

"ఏంటి?"

"నానేసిన మేత. అన్ని పంజరాల్లోనూ పెట్టావా?"

"నాకు అందినవాటికి పెట్టాను. పై అరలు నాకెక్కడ అందుతాయి? ముక్కాలి పీట వేసుకునేదాన్ని, చెక్కవి లోపల ఉండకూడదని అదీ మొదట్లోనే పట్టుకుపోయారు."

"కింది అరల్లో ఏ కార్డు?"

నేను పేపరు దించాను. ఆవిడ నోరు తెరిచింది. 'నీలం' అన్న మాట బయటికి రాలేదు. గిన్నె అలాగే పట్టుకుని ఉంది. పాలు ఒక పక్కకు ఒలికి అతని మెడ మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి అతనికి చెయ్యి లేవదు, తుడవాలని ఆవిడకు తోచలేదు. లేచి నేనే తుడిచాను.

"మందు కాదన్నమాట," అన్నాడు మెల్లగా. "గిన్నె."

మర్నాడు ఆవిడ వెంట నేనూ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. మంచి గది, గోడకు ఆ పేపరు ఫొటో ఫ్రేము కట్టి ఉంది. ఆవిడ నిలబడే చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. ఆయన విన్నాడు. కూర్చోమనలేదు. చెడ్డవాడు కాడు. వింటుంటే ముఖంలో నెత్తురు దిగిపోవడం నాకు కనపడింది.

"ఇంకెవరికి చెప్పావమ్మా?"

"మా తమ్ముడికి తెలుసు. ఈ పెద్దాయనకు తెలుసు."

"చూడమ్మా, అంత పెద్ద పరిశోధన సీసా మూతడు నీళ్లతో తారుమారవదు. ఇంకో చోట కూడా ఇదే పరీక్ష మళ్లీ చేస్తున్నారు. అదేదో తేలనీ. ఈలోగా ఆపేస్తే మీ తమ్ముడికే నష్టం. మందు పనిచేయదని రుజువు కాలేదు కదా?"

"చేస్తుందని రుజువైంది నావల్లే కదండీ," అంది ఆవిడ.

ఆయన గడియారం చూసుకున్నాడు. మేం వచ్చేశాం. మెట్లు దిగుతూ ఆవిడ, "ఈ మెట్లు నేను రోజూ ఎక్కేదాన్ని, ఇంత ఎత్తని తెలీలేదు," అంది.

ఆరో సూదికి వెళ్లొద్దంది అక్క. వెళ్తానన్నాడు తమ్ముడు. సూది కోసం కాదు. సూది వేసే హాల్లో తనతోపాటు కూర్చునే పదకొండు మంది ఉన్నారు. చక్రాల కుర్చీలో వచ్చే ఒక టీచరమ్మ, నోటి మాట పోయిన డ్రైవరు, మిగతావాళ్లు. "వాళ్ల పక్కన కూర్చుని తెలిసీ తెలియనట్టు నవ్వమంటావా?" అన్నాడు.

అతన్నీ చక్రాల కుర్చీలో నేనే తోసుకుపోయాను. నర్సు లోపలికి వెళ్లగానే అతను అంతా చెప్పేశాడు. మాట అప్పటికే ముద్దగా వస్తోంది, అయినా అందరికీ అర్థమైంది.

ముందు మాట్లాడింది టీచరమ్మ. "మీ అక్క ఎలుకలకు మేత పెట్టి ఉండొచ్చు. నాకు మాత్రం మందు పనిచేస్తోంది. పోయిన నెల కంటే కాలు బాగా కదులుతోంది. చూడండి." కాలు కదల్లేదు. "మీకు నీళ్ల సూది పడి ఉంటుంది. ఆ కడుపుమంట మా మీద చూపిస్తారేం?"

డ్రైవరు భార్య నా వైపు తిరిగింది. "ఆయన్ని తీసుకుపొండి బాబూ. మా ఇంటాయన ఈ రోజు కోసం నెలంతా ఎదురుచూస్తాడు. మీకేం పోయింది?"

డాక్టరు మీద ఒక్కరికీ కోపం రాలేదు. కోపమంతా తలుపు తీసినవాడి మీదే. నేను తిరిగిన చోట్లన్నీ ఇదే వరస. అయినా ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. సూది వేయించుకోకుండానే వచ్చేశాం. దారిలో అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకు కూడా కండరాలు కావాలి, మధ్యలో ఆగిపోయింది.

ఇంటికొచ్చాక, "అక్కా, నా మంచానికి నీలం కార్డు ఒకటి తగిలించు," అన్నాడు.

"నోరు ముయ్యి."

"నీ చెయ్యి అందే ఎత్తులోనే పడుకున్నాను కదే. నెల ఎక్కువ బతుకుతాను."

ఆవిడ తగిలించలేదు. గిన్నె మాత్రం పూటపూటా పట్టింది. నానేసేది, మెదిపేది, వంగి పెట్టేది. "నా మాట విని అయిదుసార్లు వెన్ను గుచ్చించుకున్నాడు" అని గిన్నె కడిగేటప్పుడల్లా అనేది. నాతోనో గిన్నెతోనో తెలియదు. ఆస్పత్రివాళ్లు ఏడాది అన్నారు. పదమూడు నెలలు బతికాడు.

అతను పోయిన మూడు వారాలకు పరీక్ష ఆపేశారని పేపర్లో వచ్చింది. మందు వల్ల ప్రయోజనం కనపడలేదనీ, ఎలుకల మీద వచ్చిన ఫలితం రెండోచోట రాలేదనీ, కారణాలు పరిశీలిస్తున్నారనీ లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. ఫొటో లేదు.

తర్వాత సంస్థ నుంచి ఆవిడ పేర ఒక కవరు. లోపల ఒక ఫారం, దాని మీద 'అత్యవసరం' అని ముద్ర. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తమ్ముడి పనిబల్ల మీద కాగితం పరిచి నింపడం మొదలుపెట్టింది. మేత నానబెట్టిన నీరు ఎంత: సీసా మూతకు సగం. ఏ వయసు నుంచి: కాళ్లు ఈడ్చిన రోజు నుంచి. రోజుకు ఎన్నిసార్లు: రెండు, ఆదివారం కూడా. ఎవరి అనుమతితో: అక్కడ పెన్ను ఆగింది. "ఎవరినీ అడగలేదని రాయనా, ఎవరూ అడగలేదని రాయనా?" అంది. రెండోదే రాసింది. చివరి గడిలో, పై అరల్లోని పంజరాలకు అదేవిధంగా ఇవ్వకపోవడానికి కారణం ఏమిటని ఉంది.

'చెయ్యి అందలేదు' అని రాసి సంతకం పెట్టింది.

కవరు అంటించి నా చేతికిచ్చాక, చాలాసేపు ఆ బల్ల మీది ఇనప పుల్లలను ఒక్కొక్కటే వరసగా సర్దుతూ కూర్చుంది.

"పొడుగాయన్ని ఒక్క మాట అడిగితే పోయేది. వెక్కిరించినా పెట్టేవాడు. అడగనే లేదు," అంది.