లెక్కపెట్టని నాడి

వరంగల్‌లో నర్సింగు చదువుకుంటూ నేను నేర్చుకున్న మొదటి అబద్ధం మంచం కాళ్ల దగ్గర వేలాడే చార్టు. జ్వరం, నాడి, శ్వాస రోజుకు రెండుసార్లు చూసి అందులో రాయాలి. అరవై మంది రోగులకు మేము ఇద్దరం విద్యార్థినులం. అందుకని నిన్నటి అంకెకు రెండు కలిపో, రెండు తీసేసో, మంచాల మధ్య నడుస్తూనే నింపేసేవాళ్లం. సీనియర్లు మాకు నేర్పారు, మేము జూనియర్లకు నేర్పాం. గుండె జబ్బు మంచాల దగ్గర మాత్రం నేను నిజంగానే లెక్కపెట్టేదాన్ని. అదేదో పెద్ద ఘనకార్యమైనట్టు లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఎనభైల మొదట్లో, నా చివరి ఏడాదిలో, ఆ మంచాల్లో ఒకదాని మీద ఆమె ఉండేది. రఘునాథపల్లి వైపు నుంచి వచ్చిన కూలి మనిషి, పత్తి ఏరేది. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది. పాతికేళ్లు నిండీ నిండకుండానే నాలుగడుగులకే ఆయాసం. తోడుగా తల్లి ఉండేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఇంగ్లీషు జవాబులు ఓ పట్టాన బుర్రకెక్కేవి కావు. మధ్యాహ్నం పని తగ్గాక ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని ఒక్కో జవాబూ తెలుగులో పైకి చెప్పుకునేదాన్ని.

“జర నిమ్మళంగ చెప్పు చెల్లె, నాగ్గూడ ఎక్కాలె” అనేది ఆమె.

ఎక్కింది కూడా. గుండె గోలీ ఇచ్చేముందు నిమిషం నిండా నాడి చూడాలని, అరవైకి తగ్గితే గోలీ ఆపి డాక్టరుకు చెప్పాలని నాకంటే ముందు తనే అప్పజెప్పేది. “నేను గూడ నర్సమ్మనైత” అని నవ్వేది. నవ్వితే దగ్గు తెర వచ్చేది.

పరీక్ష ముందు రోజు సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు. “కడుపుల తిప్పుతాంది చెల్లె. బల్బు సుట్టు పసుపురంగు కొడ్తాంది” అంది. నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే, “తినకపోతే కండ్లు తిరగవా మరి?” అని మందలించాను.

మర్నాడు తొమ్మిదికి పరీక్ష. పరీక్ష ఉన్నా పొద్దుటి డ్యూటీ తప్పదు. ఎనిమిదింటికి గోలీల ట్రే పట్టుకుని వార్డంతా ఉరుకుతున్నాను. నన్ను చూడగానే ఆమె అలవాటు ప్రకారం చెయ్యి చాపింది.

“నాడి సూడవా చెల్లె?”

“మంచిగనే ఉంటది అక్కా. టైమైతాంది, మింగు.”

నా మాట మీద మింగింది. చార్టులో డెబ్బై ఆరు అని రాసి పరీక్షకు పరుగెత్తాను.

నాలుగో ప్రశ్న ఆ గోలీ గురించే. ఒంట్లో మోతాదు మించితే కనిపించే గుర్తులు రాయమన్నారు. ఆకలి చావడం, వికారం, నాడి నెమ్మదించడం అని చకచకా రాసుకుంటూ పోయాను. వస్తువులు పసుపుపచ్చగా కనిపించడం అన్న చోట నా చెయ్యి ఆగిపోయింది.

గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దవాఖాన రోడ్డుకు అవతలే. లేచి వెళ్తే ఆ పేపరు పోతుంది, దాంతో ఏడాది పోతుంది. డాక్టరు రౌండుకు వచ్చి చూసే ఉంటాడులే అనుకున్నాను. అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. మిగతా ప్రశ్నలన్నీ రాశాను. సిగ్గులేనిదాన్ని, దస్తూరి కూడా చెడకుండా రాశాను.

పన్నెండుకు గంట కొట్టాక పరుగున వెళ్లేసరికి ఆమె ముఖం మీదికి దుప్పటి కప్పేసి ఉంది. పదకొండున్నరకు పోయిందని వార్డు సిస్టరు చెప్పింది. రౌండులో డాక్టరు చార్టు చూసి, నాడి బాగానే ఉందని పక్క మంచానికి వెళ్లిపోయాడట. ఆ గోలీయే చంపిందా, అప్పటికే చెయ్యి దాటిపోయిందా, నాకు ఈనాటికీ తెలియదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చార్టులో అంతా సరిగ్గానే ఉంది.

తల్లి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుని ఉంది. నన్ను చూసి నా చెయ్యి అందుకుంది.

“పరీక్ష మంచిగ రాసినవా బిడ్డా? పొద్దటి సంది దానికి అదే రంది. పానం గుంజుతాందన్నది. సిస్టరమ్మను పిలుస్తనంటె ఒద్దన్నది. ‘నాడి సూడలేదని తెలుస్తె చెల్లెకు మాటొస్తదే అవ్వా, పరీక్ష కానియ్యి, వచ్చి సూస్తది’ అన్నది.”

“మంచిగనే రాసిన” అన్నాను.